సర్దుకుపోయే కన్ను

తిరుపతి బస్టాండులో నిలబడిన ప్రతిసారీ ఒక చిన్న విషయం నన్ను తొలుస్తూ ఉంటుంది. చిత్తూరు బస్సు కోసం చూస్తుంటాను. ఎవరో ఒక పెద్దాయన, చంకన సంచి, చేతిలో నీళ్ళ సీసాతో మెల్లగా పక్కకు వచ్చి, "ఇది యాడికి పోయే బస్సు మ్మా?" అని అడుగుతాడు. బస్సు నెత్తిన బోర్డు ఉంది. పీలేరు అని తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చెబుతాను. ఎక్కి వెళ్ళిపోతాడు. అక్కడితో అయిపోవాలి గానీ నాకు అయిపోదు. ఆయనకు చదువు రాదా, చూపు ఆనదా? పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. అడిగే తీరు ఒకటే, ఆ మొహమాటపు నవ్వూ ఒకటే. ఒకసారి ఒకామె ఇలాగే పుత్తూరు బస్సు గురించి అడిగి, నేను చెప్పాక బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి మందుల చీటీ తీసి ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని గడగడా చదువుకుంది. చదువు వచ్చిన మనిషే. బోర్డు మాత్రం ఆమెకు చేరడం లేదు. ఆమె దాన్నొక జబ్బుగా అనుకుంటున్నట్టు కూడా నాకనిపించలేదు. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నంతకాలం బస్సు దొరుకుతూనే ఉంటుంది కదా.

ఆ 'దొరుకుతూనే ఉంటుంది' అనే మాట దగ్గర నాకు మా అవ్వ గుర్తొస్తుంది. పాకాల దగ్గర పల్లె మాది. అవ్వ అరుగు మీద చేట ఒడిలో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరడం నా చిన్నప్పటి నుంచీ చూసిన దృశ్యం. మొదట్లో కళ్ళతో చూసి ఏరేది. ఎప్పటి నుంచో తెలియదు, వేళ్ళతో తడిమి ఏరడం మొదలుపెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను నలిపి, గరుకుగా తగిలితే పక్కకు వేసేది. ఆ మార్పు ఏ నెలలో, ఏ ఏడాదిలో జరిగిందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు. నిజం చెప్పాలంటే ఆమె కూడా గమనించి ఉండదు. తాలింపు చిటపట విని దించేది. ఎదురొచ్చినవాళ్ళను గొంతును బట్టి పలకరించేది. నోరు మెదపకుండా దాటిపోయినవాళ్ళను పలకరించేది కాదు, దాంతో "ముసలామెకు పొగరు పెరిగింది" అన్న మాట ఊళ్ళో పుట్టింది. డబ్బు నోట్లను పొడవు బట్టి గుర్తుపట్టేది. 2016 చివర్లో పాత నోట్లు రద్దయి కొత్తవి వచ్చాక ఆ కొలతలు మారిపోయాయి. అంగట్లో ఆమె లెక్క తప్పింది. అవ్వకు మతి పోతోందని ఇంట్లోవాళ్ళే అనుకున్నారు. మతి చెక్కుచెదరలేదు. కళ్ళకు బదులు ఇన్నాళ్ళూ పనిచేసిన వేళ్ళకు ఆనవాలు పోయింది, అంతే.

సర్దుకుపోవడం మా వైపు ఆడవాళ్ళలో గొప్ప గుణంగా చెప్పుకుంటారు. నేనూ అలా చెప్పేదాన్నే. ఇప్పుడు ఆ గుణం మీదే నాకు అనుమానం. పొద్దుగూకాక బయటికి పోవడం మానుకుంటే సర్దుకోవడం. పెళ్ళిళ్ళకు పోక, "ఓపిక లేదులే" అంటే సర్దుకోవడం. ఇంట్లోవాళ్ళ సర్దుబాటు ఇంకో రకం: ఆమె చేతిలోంచి కత్తిపీట తీసేసుకోవడం, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవడం, "వయసైపోయింది" అని వచ్చినవాళ్ళకు చెప్పడం. ఎవరి ప్రేమలోనూ లోపం లేదు. కానీ ఆ ప్రేమంతా కలిసి ఆ కన్ను డాక్టరు దాకా పోకుండా ఏళ్ళకు ఏళ్ళు ఆపేసింది కదా, దాన్నేమనాలి?

కంటి నిర్మాణంలోనే ఈ సర్దుబాటు ఉంది. ఒక కన్ను మసకబారితే రెండోది ఆ పని కూడా చేసిపెడుతుంది. రెండూ తెరుచుకుని ఉన్నంతసేపూ ఏది పనిచేస్తోందో, ఏది ఊరికే తెరుచుకుని ఉందో మనిషికి తెలియదు. చూపులో ఒక పక్క ఖాళీ పడితే మెదడు చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి ఆ ఖాళీని పూరించేస్తుంది. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర ఉండదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే అడుగు పడదు. కంటి లోపల జరిగే నష్టాల్లో చాలావాటికి నొప్పి లేదు, దురద లేదు, ఎరుపు లేదు. నొప్పి లేని చోట జబ్బు లేదనుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన లెక్క. మిగతా ఒంటికి దాదాపుగా సరిపోయే ఆ లెక్క కంటికి సరిపోదు.

అవ్వకు చివరికి ఒక కంటికి ఆపరేషన్ చేయించాం. శుక్లం. కంటి లోపల సహజంగా ఉండే కటకం మసకబారడం. చేయించిన కొన్నాళ్ళకు ఆమె వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. పొయ్యి వెనక గోడ మీద నూనె జిడ్డు, పైన అటక మూలల్లో బూజు, డబ్బాల మూతల మీద నల్లటి పొర. వాటిని వేలితో గీసి చూసుకుని, "ఇంత మురికిలో వండి పెడ్తా ఉన్నానా మీకు ఇన్నాళ్ళూ? ఒక్కరన్నా చెప్పలేదే!" అంది. ఏడుపూ కోపమూ కలిసిన గొంతు. ఆపరేషన్ తర్వాత చూపు తెరుచుకున్న చాలామంది ముందుగా చూసేది ఇంట్లో మురికినీ, అద్దంలో తమ ముడతలనూ అని కంటి డాక్టర్లు చెబుతుంటారు. ఆ తర్వాత రంగులు. ముదిరిన శుక్లం పచ్చగా, గోధుమరంగుగా మారి నీలాన్ని లోపలికి రానివ్వదు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తన శుక్లాలతో ఏళ్ళ తరబడి పోరాడి 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన కుంచె తిప్పిన మనిషి కాబట్టి ఆ రంగుల మార్పు ప్రపంచానికి తెలిసింది. మా అవ్వ తన నీలం రంగు నేతచీరను చూసి, "ఇది ఇంత ముదురు నీలమా!" అన్న సంగతి మా ఇంటికి మాత్రమే తెలుసు.

ఆలస్యానికి కారణం ఒక్క సర్దుబాటే కాదు. "శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరినాక చేయిస్తాం" అన్న మాట ఇప్పటికీ మా పల్లెల్లో వింటాను. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. ఆనాటి పద్ధతుల్లో కటకం గట్టిపడితేనే తీయడం తేలిక. తీశాక సోడాబుడ్డి అద్దాలు తప్పేవి కావు. ఇప్పుడు చిన్న కోతతో తీసి ఆ చోటే కృత్రిమ కటకం అమర్చుతున్నారు. ముదిరేదాకా ఆగితే ఆపరేషన్ కష్టమవుతుందే గానీ సులువు కాదు. ఆ కటకం కూడా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, ఖరీదెక్కువ. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఉద్యోగ విరమణ తర్వాత, కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతోనే, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ సంస్థ 1992లో ఆరోల్యాబ్ పెట్టి కటకాలను ఇక్కడే చవకగా తయారు చేయడం మొదలుపెట్టాక, పేదవాడి కంట్లోకి కూడా కటకం చేరింది. చిత్తూరు వాళ్ళు తరతరాలుగా కళ్ళ కోసం వేలూరు షెల్ ఆసుపత్రికి పోయేవారు. నగరి, పుత్తూరు వాళ్ళు 1819లో పుట్టిన మద్రాసు ఎగ్మూరు కంటాసుపత్రికి రైలెక్కేవారు. ఇప్పుడు తిరుపతిలోనే అరవింద్ ఉంది, రుయా ఆసుపత్రి ఉంది. దూరం తగ్గింది. మరి పోవడానికి పట్టే కాలం ఎందుకు తగ్గలేదు?

శుక్లం విషయంలో ఆలస్యమైనా పోయిన చూపు తిరిగి వస్తుంది కాబట్టి మనసుకు కాస్త ఊరట. నన్ను నిజంగా భయపెట్టేవి వేరే ఉన్నాయి. నీటికాసులు అంటారే, గ్లకోమా, అది వాటిలో మొదటిది. కంటి లోపలి ఒత్తిడి చూపు నరాన్ని కొద్దికొద్దిగా చంపుతుంది. అందులో ఎక్కువమందికి వచ్చే రకం మొదట పక్క చూపును తీసుకుంటుంది. ఎదురుగా ఉన్న బస్సు బోర్డు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, పక్కనుంచి వచ్చే ఆటో కనిపించదు. గుమ్మం తగిలితే పరధ్యానం అనుకుంటాం. చచ్చిన నరం మళ్ళీ బతకదు. చుక్కల మందు, అవసరమైతే లేజరు, ఆపరేషన్, అన్నీ మిగిలినదాన్ని కాపాడేవే. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో, హైదరాబాదులో ఈ జబ్బు బయటపడినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా అంతవరకూ తమకది ఉందని తెలియదు. అది మహానగరం. మా పల్లెల సంగతి ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది. రెండోది సుగరు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. మా వీధిలో సుగరు మాత్ర మింగని ఇల్లు దొరకడం కష్టం. ఆ చక్కెర కంటి వెనక పొరలోని సన్నటి రక్తనాళాలను ఏళ్ళ తరబడి చెడగొడుతుంటే మనిషి హాయిగా పేపరు చదువుకుంటూ ఉంటాడు. ఒకరోజు కంటిముందు నల్లటి దారాలు వేలాడతాయి. అప్పటికి లోపల రక్తం కారింది. అంతకు రెండేళ్ళ ముందు ఎవరైనా కనుపాప పెద్దది చేసి లోపలికి చూసి ఉంటే?

అలా లోపలికి చూడటం ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది వెనకాడేది అది తెలియకనే. ముందు చార్టు. డచ్చి వైద్యుడు స్నెల్లెన్ 1862లో తయారు చేసిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది. 6/60 అని రాశారంటే, మంచి చూపున్నవాళ్ళు 60 మీటర్ల నుంచి చదివేదాన్ని ఈ మనిషి ఆరు మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేడని అర్థం. చదువు రానివాళ్ళకు వేరే చార్టు ఉంటుంది. అందులో ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఒక్కటే, నాలుగు దిక్కులకూ తిప్పి తిప్పి రాసి ఉంటుంది. పేరు చెప్పక్కర్లేదు, దాని కొమ్ములు ఎటున్నాయో వేళ్ళతో చూపిస్తే చాలు. బస్టాండులో నేను తేల్చుకోలేకపోయిన ప్రశ్నను ఆ చార్టు నిమిషంలో తేల్చేస్తుంది. తర్వాత గడ్డం ఆనించే మిషను, కంటి మీదికి పుస్సున గాలి ఊది ఒత్తిడి చూసే మిషను. ఆ గాలికి ప్రతి ఒక్కరూ ఉలిక్కిపడతారు, నొప్పేమీ ఉండదు. తర్వాత చుక్కలు. కాస్త మండుతాయి. కళ్ళు మూసుకుని బెంచీ మీద వరుసగా కూర్చోవాలి. పక్కన కూర్చున్నవాళ్ళ ముఖం ఎరగకుండానే ఊరూ పేరూ, పిల్లల పెళ్ళిళ్ళూ అన్నీ మాట్లాడుకుంటారు అక్కడ. అరగంటకో ముప్పావుగంటకో కనుపాప విచ్చుకుంటుంది. డాక్టరు నుదుటికి లైటు కట్టుకుని, చేతిలో కటకం పట్టుకుని "పైకి చూడండి, కిందికి చూడండి" అంటూ లోపలి పొరనూ నరాన్నీ చూస్తారు. శరీరంలో రక్తనాళాలనూ నరాన్నీ కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు అదొక్కటే. చార్టులో చివరి వరుస చదివేసినంత మాత్రాన కన్ను బాగున్నట్టు కాదు. ఈ చుక్కల పరీక్ష దాటినప్పుడే ఆ మాట అనుకోవాలి.

శ్రీకాళహస్తిలో నేనెరిగిన ఒక కలంకారీ పనివాడి సంగతి కూడా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో నల్లగీత గీయడం ఆయన పని. ఇనుము, బెల్లం నానబెట్టి చేసిన ఆ నలుపు ఒకసారి గుడ్డకు పట్టిందంటే చెరగదు, కాబట్టి గీత తప్పకూడదు. నలభై నాలుగు, నలభై అయిదేళ్ళు వచ్చేసరికి దేవతల కళ్ళూ వేళ్ళ కొసలూ గీసేటప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయేది. తల వెనక్కి, గుడ్డ దూరంగా. చివరికి గీతపని తమ్ముడికి ఇచ్చేసి రంగులు నింపే పనికి దిగాడు. కూలి తగ్గింది, దానికన్నా మాట తగ్గింది. చేతిలో పస పోయిందని ఆయనే అనుకున్నాడు. అది చత్వారం. నలభై దాటిన ప్రతి కంటికీ వచ్చేదే. ఎవరో కంటి శిబిరంలో దగ్గరి అద్దాలు ఇచ్చారు, మళ్ళీ కలం పట్టాడు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు ఇలాంటి మామూలు అద్దాలే ఇచ్చి చూస్తే వాళ్ళు కోసే ఆకు నూటికి 21కి పైగా పెరిగిందని 2018లో ఒక అధ్యయనం అచ్చయింది. అంటే అద్దాలు లేక ఎంత కూలి, ఎంత నైపుణ్యం రోజూ నేలపాలవుతోంది! ప్రపంచంలో చూపు తగ్గిన 220 కోట్ల మందిలో కనీసం 100 కోట్ల మందిది ఆపగలిగినదో, ఇంకా సరిచేయనిదో అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలో ఇలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో.

పిల్లల దగ్గరికి వస్తే నా బాధ ఇంకా ఎక్కువ. పెద్దవాళ్ళు మునుపు బాగా చూశారు కాబట్టి తగ్గిందని ఎప్పటికైనా పోల్చుకోగలరు. పుట్టినప్పటి నుంచీ లోకాన్ని మసగ్గానే చూసిన పిల్లకు లోకం అలాగే ఉంటుందని అనుకోవడం తప్ప వేరే దారేముంది? నల్లబల్ల మీద అక్షరాలు పక్కపిల్ల నోట్సులో చూసి రాసుకుంటుంది. టీచరు 'మొద్దు' అంటారు. ఒక కంటికే చూపు తక్కువైతే మెదడు ఆ కంటి మాట వినడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే మంచి కంటికి కట్టు కట్టి, అద్దాలు పెట్టి దాన్ని దారికి తేవచ్చు. ఆ వయసు దాటేకొద్దీ కష్టం. నెలలు నిండక పుట్టిన బిడ్డలకైతే పుట్టిన నెల తిరక్కముందే కంటి వెనక పొర చూపించాలి. ఇంక్యుబేటర్‌లోంచి బయటపడ్డ సంతోషంలో ఆ మాట మరిచిపోతే మళ్ళీ దిద్దుకోలేం. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల పథకం బడిపిల్లలతో ఆరంభమై, 2020 ఫిబ్రవరిలో కర్నూలు నుంచి అవ్వాతాతల దాకా వచ్చింది. తెలంగాణలో అదే పేరుతో 2018లోనే ఊరూరా పరీక్షలు జరిగాయి. ప్రభుత్వాలు మారినా ఇలాంటి పని మారకూడదు, ఆగకూడదు. ఇక తిరుపతి చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా పుస్తకానికి కళ్ళు అతికించిన పిల్లలను చూస్తే నాకు చైనా గ్వాంగ్‌జౌ బడుల ప్రయోగం గుర్తొస్తుంది. 2015లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో దూరపు చూపు తగ్గడం కొంత తగ్గింది. ఆ 40 నిమిషాల ఎండ మన పిల్లలకు ఇవ్వలేమా? ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావని ఇప్పటికీ వినిపించే మాటకు మాత్రం నేను జవాబు కూడా ఇవ్వదలచుకోలేదు.

తిరుమలలో గురువారం నాడు స్వామివారి నామాన్ని తగ్గిస్తారు. మిగతా రోజుల్లో నామం కింద దాగి ఉండే కళ్ళు ఆ రోజు కనిపిస్తాయి. నేత్ర దర్శనం అంటారు. ఆ క్షణం కోసం గంటల తరబడి క్యూలో నిలబడిన ఒక పెద్దావిడను బయటికి వచ్చాక అడిగాను, "కళ్ళు కనిపించాయా?" అని. "దీపాలే కనిపించినాయి మ్మా. ఆయన నన్ను జూసినాడు గదా, చాలు" అంది. ఆమె భక్తికి దణ్ణం పెడతాను. అయినా, ఆ కొండ కిందే ఉన్న ఆసుపత్రికి కొండెక్కే ముందు ఒక పూట పోయి ఉంటే ఆమె కూడా ఆయన్ను చూసేది కదా అన్న దిగులు నన్ను వదల్లేదు. ఇక్కడికి కాస్త దూరంలో, శ్రీకాళహస్తిలో, తిన్నడి కథ ఉంది. ధూర్జటి చెప్పినా, తమిళంలో పెరియపురాణం చెప్పినా మనం గుర్తుపెట్టుకునేది అతను కన్ను పెకలించి శివుడికి ఇవ్వడం, రెండో కంటి చోటు తెలియడానికి చెప్పుకాలు ఆనించడం. నాకు ఈ మధ్య వేరే సంగతి తోస్తోంది. శివుడి కంట నెత్తురు కారుతోందని అతనికి తెలిసింది ఎలా? రోజూ ఆ ముఖం కేసి చూసేవాడు కాబట్టి. మన ఇళ్ళలో అమ్మానాన్నల ముఖాలను మనం అలా చూస్తున్నామా? నెత్తురు కారని కళ్ళను ఎవరు చూడాలి?

ఇది చదివినవారిని నేను వేడుకునేది కొద్దిగానే. ఇంట్లో అందరిచేతా ఒక కన్ను అరచేత్తో మూయించి గోడ మీది క్యాలెండరు చదివించండి, తర్వాత రెండో కన్ను. తేడా వస్తే మర్నాడే ఆసుపత్రికి వెళ్ళండి. తేడా రాకపోయినా నలభై దాటినవాళ్ళను ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చుక్కల పరీక్షకు తీసుకెళ్ళండి. సుగరున్నవాళ్ళనూ, ఇంట్లో నీటికాసులున్నవాళ్ళ తోబుట్టువులనూ పిల్లలనూ ఏటా తీసుకెళ్ళండి. పిల్లలను బడిలో వేయకముందే ఒకసారి చూపించండి. చెరకు ఆకో వరి ఆకో కంట్లో గీసుకుంటే ఆకు పసరు, చనుబాలు పోయకండి, మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేయకండి. వాటిలో స్టెరాయిడు ఉంటే పుండు ముదురుతుంది, ఎక్కువకాలం వాడితే ఒత్తిడి పెరిగి నీటికాసులూ వస్తాయి. పరీక్షకు పోయేటప్పుడు వాడే మందుల చీటీలూ పాత అద్దాలూ వెంట పెట్టుకోండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ భరించలేరు. ఆ రోజు బండి నడపకండి, తోడుగా ఒకరిని తీసుకుని బస్సులో వెళ్ళండి.